ఎలక్ట్రిక్ బస్సు ఎక్కినా కరెంటు బొగ్గుదే కదా, ఇందులో వాతావరణానికి ఒరిగేదేంటి?

అమీర్‌పేట_ఆఖరి_బస్సు
కేంద్రం పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కి ఇంకో 2,000 ఎలక్ట్రిక్ బస్సులు అంటున్నారు. బాగానే ఉంది. కానీ రాత్రి డిపోలో వాటికి ఎక్కించే కరెంటు ఎక్కడిది? రామగుండం, కొత్తగూడెం, దామరచర్ల. అంతా బొగ్గే. పొగగొట్టం బస్సు వెనక నుంచి పీకి రామగుండంలో పాతినట్టే కదా? గ్రాముల్లో, కిలోల్లో లెక్క చెప్పగలిగినవాళ్లు చెప్పండి. "పర్యావరణహితం" లాంటి మాటలు వద్దు, అవి ప్రకటనల్లో చదువుతూనే ఉన్నాం.

కేఎంపీఎల్_కాకా
లెక్క గింతే. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎల్తది. సిటీ ఆర్డినరీ బండి కేఎంపీఎల్, అంటే లీటరుకు నడిచే కిలోమీటర్లు, నాలుగున్నర అటూ ఇటూ. అంటే కిలోమీటరుకు 600 గ్రాములు. ఏసీ డీజిల్‌కు కేఎంపీఎల్ మూడు గూడ రాదు. 2.8 ఏసుకుంటే 950 దాటుతది.

ఎలక్ట్రిక్ 12 మీటర్ల ఏసీ బస్సు, ఎండకాలం కలుపుకొని, చార్జర్ల పోయే నష్టం కలుపుకొని, కిలోమీటరుకు 1.3 యూనిట్లు తీస్కుంటది. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ లెక్కల దేశం గ్రిడ్ సగటు యూనిట్‌కు 0.72 కిలోల దగ్గర ఉంది. గుణించు. 936 గ్రాములు. నాన్ ఏసీ ఎలక్ట్రిక్ అయితే 0.95 యూనిట్లు, అంటే 684.

ఏసీకి ఏసీ పెడితే ఉన్నదున్నట్టే. నాన్ ఏసీ డీజిల్ తీసి ఏసీ ఎలక్ట్రిక్ పెడితే ఇయ్యాల్టి లెక్కల ఎక్కువే అయితది. ఎవరికి కోపమొచ్చినా సరే.

బండి_నాది
ఏసీ ఉంటే బొగ్గు, లేకపోతే చెమట. నేను బైకు దిగను.

ఓల్టేజ్_వాసు
కాకా గారి అంకెల్లో తప్పు లేదండీ, కానీ సగం లెక్కే. డీజిల్‌కి బంకు నుంచి మాత్రమే మొదలుపెట్టారు. ముడి చమురు తోడటం, ఓడలో తేవటం, రిఫైనరీలో మరిగించటం, ట్యాంకరులో డిపోకి చేర్చటం, అవన్నీ కలిపితే ఇంకో ఐదో వంతు పడుతుంది. 600 కాస్తా 715 అవుతుంది. ఏసీ డీజిల్ 1,150 దగ్గరకి వెళ్తుంది.

రెండోది, బస్సు ఒప్పందం పన్నెండేళ్లు. డీజిల్ బస్సు మొదటి రోజు కంటే పన్నెండో ఏడు ఎక్కువ తాగుతుంది, ఇంజెక్టర్లు అరుగుతాయి, కేఎంపీఎల్ పడిపోతుంది. గ్రిడ్ అలా కాదు. ఏటా సోలారు, గాలి కలుస్తూనే ఉన్నాయి. 0.72 కాస్తా 0.5కి దిగిన రోజు అదే ఏసీ బస్సు 650 గ్రాముల మీద నడుస్తుంది, ఒక్క బోల్టు మార్చకుండా. ఈ మెరుగు డీజిల్ బస్సుకి ఎప్పటికీ రాదు.

కేఎంపీఎల్_కాకా
వాసు సార్, అట్లయితే కరెంటు దిక్కు గూడ బొగ్గు తవ్వకం, గూడ్సు బండి, లైన్ల నష్టం కలపాలె కదా. ఒక దిక్కే ఐదో వంతు కలిపితే ఎట్ల?

ఓల్టేజ్_వాసు
కలపండి. డిపోకి 33 కేవీలో కరెంటు వస్తుంది కాబట్టి ఇళ్లకొచ్చే లైన్లలో పోయినంత నష్టం ఉండదు. అయినా ఈ రోజుకి సమానం అంటే ఒప్పుకుంటాను. మన అసలు తేడా ఏ గంటలో చార్జింగ్ పెడుతున్నాం అన్న దగ్గరుంది. 0.72 అనేది రోజంతటి సగటు. మధ్యాహ్నం పన్నెండింటికి సోలారు పొంగుతుంటే బొగ్గు కేంద్రాలను కనిష్ఠానికి దించుతారు. రాత్రి రెండింటికి మోసేది ఎక్కువగా బొగ్గే. మన డిపోలు సరిగ్గా రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా ఎక్కిస్తాయి. హెచ్‌టీ (హై టెన్షన్ లైను తీసుకునే పెద్ద) వినియోగదారులకు రాత్రి వాడితే రాయితీ అన్న పాత పద్ధతి కూడా అటే తోసింది. సోలారు లేని రోజుల్లో పెట్టుకున్న ఏర్పాటు అది.

రాధిక_రూట్‌మ్యాప్
మీరిద్దరూ బస్సుకి లెక్కేస్తున్నారు. మనిషికి వెయ్యండి.

బైకు లీటరుకు 50 ఇస్తే, లీటరు పెట్రోలుకి 2.31 కిలోలు, కిలోమీటరుకు 46 గ్రాములు. ఇద్దరెక్కితే తలకి 23. సిటీలో 14 ఇచ్చే కారులో ఒక్కరే వెళ్తే 165. ఇప్పుడు ఆర్డినరీ డీజిల్ బస్సులో 45 మంది ఉంటే తలకి 13. ఏసీ ఎలక్ట్రిక్‌లో అదే 45 మందికి 21. రెండూ బైకుని ఓడించాయి, కారుని చిత్తు చేశాయి.

అదే ఏసీ బస్సులో పది మందే ఉంటే? తలకి 94. బైకు కంటే రెట్టింపు. ఏసీ ఎలక్ట్రిక్ బస్సు ఒక్కరెక్కిన బైకుతో సమానం కావాలంటే 20 మందికి పైనే ఉండాలి, ఆర్డినరీ డీజిల్‌కి 13 మంది చాలు. నిండు బస్సులో ఇంధనం మారిస్తే తలకి వచ్చే తేడా పది గ్రాముల లోపే. నిండితే వచ్చే తేడా నాలుగు రెట్లు.

బండి_నాది
అంటే ఖాళీ బస్సు కంటే నేనే మేలు. ఈ ముక్క ఫ్రేము కట్టించుకుంటా.

రాధిక_రూట్‌మ్యాప్
ఆ ఖాళీ బస్సు మీరెక్కినా ఎక్కకపోయినా తిరుగుతుంది. మీరెక్కితే దాని మీద పెరిగేది దాదాపు సున్నా, మీ 46 గ్రాములు మాత్రం మిగులుతాయి. ఫ్రేములో ఇది కూడా రాయించుకోండి.

ఉప్పల్_రింగ్
ఓఆర్ (సీట్లు నిండే శాతం) పెరగాలంటే ఆడవాళ్లకి ఫ్రీ బస్సు, మహాలక్ష్మి వచ్చింది కదా? 2023 డిసెంబర్ 9 నుంచి బస్సులు కిటకిట. ఆంధ్రాలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి. వాతావరణం లెక్కలో ఇంతకన్నా పెద్ద పథకం ఏముంది?

రాధిక_రూట్‌మ్యాప్
బస్సులు నిండాయి, నిజం. కానీ వాతావరణం లెక్కలో చూడాల్సింది, ఎక్కినవాళ్లు అంతకుముందు దేనిలో వెళ్లేవాళ్లు అని. ఎక్కువగా షేర్ ఆటోలు, నడక, లేదా అసలు బయటికి వెళ్లకపోవటం. ఆడవాళ్ల డబ్బు, ఉద్యోగాలు, చదువుల లెక్కలో అది పెద్ద లాభం, దాన్ని తక్కువ చేయట్లేదు. కార్బన్ తగ్గాలంటే బండి దిగాల్సింది మగాళ్లు. వాళ్లకి టికెట్ ధర అసలు అడ్డు కాదు. పెట్రోలుకి డబ్బు పెట్టి మరీ బైకే తీస్తున్నారు. కారణం ఒక్కటే, బస్సు ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చాక ఎప్పుడు చేరుస్తుందో తెలీదు.

అమీర్‌పేట_ఆఖరి_బస్సు
ఇక్కడే నా రెండో బాధ. 10హెచ్ కోసం అరగంట నిలబడితే మూడు కలిసి వస్తాయి, పెళ్లికి పోతున్నట్టు. ముందుది నిండు, వెనక రెండూ ఖాళీ. ఇది డ్రైవర్ల పనేనా?

రాధిక_రూట్‌మ్యాప్
డ్రైవర్లది కాదు. ముందు బస్సు సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగింది అనుకోండి. తర్వాతి స్టాపులో రెండు నిమిషాల జనం ఎక్కువ పోగయ్యారు. వాళ్లు ఎక్కడానికి ఇంకో నిమిషం. ఇలా స్టాపు స్టాపుకీ వెనకబడుతుంది. దాని వెనక బస్సుకి జనం తక్కువ, చకచకా వచ్చి కలుస్తుంది. వదిలేస్తే ఎప్పటికీ విడిపోవు.

విరుగుడు రెండు. రూటు మధ్యలో ఒకట్రెండు స్టాపుల్ని టైమ్ పాయింటుగా పెట్టి, వెనక బస్సుని అక్కడ రెండు మూడు నిమిషాలు ఆపటం. లోపల కూర్చున్నవాళ్లు తిడతారు, అయినా ఆపాలి. రెండోది టర్మినల్ దగ్గర చాలినంత విరామం ఉంచటం. గంటన్నర రూటుకి ఐదు నిమిషాల విరామం పెడితే ఒక ట్రిప్పు ఆలస్యం తర్వాతి ట్రిప్పుకి అంటుకుంటుంది. పది, పన్నెండు నిమిషాలు కావాలి. చార్టింగ్‌లో, అంటే ట్రిప్పుల టైమ్ టేబుల్ వేసేటప్పుడు, ముందు కోసేది ఆ నిమిషాల్నే.

కేఎంపీఎల్_కాకా
గీ ముచ్చట కరెక్ట్. పది నిమిషాలకొకటి రావాల్సినయి రెండు కలిసి ఇరవైకొస్తే బస్సుల సంఖ్య అంతే, ఎదురుచూపు మాత్రం డబుల్.

సిరిపురం_జంక్షన్
బస్సులు పెంచండి అనేవాళ్లకి ఒక లెక్క. పోనూ రానూ 30 కిలోమీటర్ల రూటు. సిటీలో సగటు గంటకు 12 కిలోమీటర్లు. అంటే 150 నిమిషాలు, రెండు చివర్లా విరామం 20, మొత్తం 170. పది నిమిషాలకొక బస్సు రావాలంటే 17 బస్సులు కావాలి. బస్సుకి దారి ఇచ్చి సగటు 18కి తెచ్చారనుకోండి. 100 నిమిషాలు, విరామం 20, మొత్తం 120. పన్నెండు బస్సులు చాలు. లేదా ఆ 17తోనే ఏడు నిమిషాలకొకటి నడపొచ్చు. ఒక్క బస్సు కొనకుండా, ఒక్క డ్రైవర్ని కొత్తగా తీసుకోకుండా.

ఇదయ్యాక డీజిలా, కరెంటా అని కొట్టుకోవచ్చు.

బెంజిసర్కిల్_బాబు
బస్సుకి దారి అంటే మా బెజవాడ బీఆర్‌టీఎస్ (బస్సులకే విడి లేన్) రోడ్డు గుర్తొచ్చి నవ్వొస్తోందండి. పేరు మిగిలింది, సాయంత్రం టిఫిన్ బళ్లు ఉంటాయి, బస్సు లేన్ మాత్రం లేదు. మీ విశాఖలో అంతకన్నా ఏం వెలిగింది?

సిరిపురం_జంక్షన్
వెలగలేదు, అదే చెబుతున్నా. పెందుర్తి, సింహాచలం రెండు కారిడార్లూ నగరాల కోసం కేంద్రం పెట్టిన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం డబ్బుతో కట్టారు. లేన్ రోడ్డు మధ్యలో పెట్టారు, బస్సు తలుపు ఎడమ వైపు. సింహాచలం వైపు అడవివరం దగ్గర ముక్క ఏళ్లకేళ్లు ఆగిపోయింది. మధ్యలో తెగిన కారిడార్‌లో బస్సు దూరటం, బయటికి రావటంలోనే కలిసొచ్చిన నిమిషాలు పోతాయి. 2009లో మొదలైన అహ్మదాబాద్ జన్‌మార్గ్‌లో స్టేషన్ గట్టు, బస్సు నేల ఒకే ఎత్తు. టికెట్ బస్సెక్కకముందే. మెట్లెక్కి కండక్టర్ దగ్గర చిల్లర తీసేలోపు పోయే సెకన్లు అక్కడ లేవు. ఢిల్లీలో 2008లో పెట్టి 2016లో పీకేశారు. లేన్ అంటే తెల్ల గీత ఒక్కటే కాదు.

మన ఊళ్లకి పూర్తి బీఆర్‌టీఎస్ కంటే ముందు చిన్న పనులున్నాయి. స్టాపుని సిగ్నల్‌కి ముందు నుంచి తీసి, దాటాక 50, 75 మీటర్ల అవతల పెట్టాలి. సిగ్నల్‌కి ముందుంటే జనం ఎక్కేలోపు పచ్చ లైటు పోతుంది, ఇంకో చుట్టు ఎర్ర లైటు. బస్ బే, అంటే బస్సు ఆగటానికి రోడ్డు పక్కకి లోపలికి తీసిన చోటు, కొన్ని చోట్ల తీసెయ్యాలి. లోపలికెళ్లిన బస్సుని మళ్లీ రోడ్డు మీదకి రానిచ్చేవాడు ఎవడు? దానికి బదులు ఫుట్‌పాత్‌నే బస్సు దాకా ముందుకి జరపాలి.

ఉప్పల్_రింగ్
బే తీసేస్తే షేర్ ఆటోలు ఎక్కడ నిలబడతాయి అనుకుంటున్నారు? బస్సు రెండో లేన్‌లో ఆపుతుంది, జనం ఆటోల మధ్య నుంచి పరిగెత్తాలి. ఇప్పుడు జరిగేది అదే.

సిరిపురం_జంక్షన్
ఆటోలకి స్టాపు దాటాక 30 మీటర్ల అవతల విడిగా చోటు గీయాలి. ఆటో తప్పు కాదు, జనం ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. చోటు చూపించకుండా చలానా రాస్తే మర్నాడు మళ్లీ అక్కడే.

చిత్తూరోడు
బొగ్గు లెక్క దగ్గరికి మళ్లీ వస్తా. మా తిరపతి బస్సుల సంగతి ఎవరూ ఎత్తలేదే? 2022లో అలిపిరి డిపోకి వంద ఎలక్ట్రిక్ బస్సులొచ్చినాయి, అందులో యాభై ఘాటుకే. కొండ మీద ఈ లెక్క వేరే వస్తాది చూడప్పా.

తొమ్మిది మీటర్ల బస్సు జనంతో కలిపి 13 టన్నులు అనుకో. ఎక్కాల్సిన ఎత్తు ఏడొందల మీటర్ల పైచిలుకు. ఆ ఎత్తుకి ఎత్తేదానికే 25 యూనిట్లు కావాల, టైర్ల రాపిడి అదనం. డీజిల్ బస్సులో దిగేటప్పుడు ఆ శక్తంతా బ్రేకు లైనర్లలో వేడి అయిపోతాది. ఎలక్ట్రిక్‌లో మోటారే జనరేటర్ అయి బ్యాటరీకి తిరిగిస్తాది. అరవై శాతం వెనక్కొచ్చినా 15 యూనిట్లు. సిటీలో ఇంత రాదు.

అమీర్‌పేట_ఆఖరి_బస్సు
చార్జింగ్ కొండ మీదా, కిందా?

చిత్తూరోడు
కిందే పెట్టాల. పైన వంద శాతం నింపి దించితే బ్యాటరీలో చోటుండదు, రీజెన్ (అట్లా తిరిగొచ్చే కరెంటు) తీసుకోదు, మళ్లీ మామూలు బ్రేకే తొక్కాల. ఘాటులో వరసగా మలుపులు. లైనర్లు కాలి వాసనొస్తాది. కింద నింపి పంపితే ఎక్కేలోపు చోటు అవుతాది, దిగేటప్పుడు నిండతాది.

ఓల్టేజ్_వాసు
చక్కగా చెప్పారు. సిటీలో కూడా ఇదే సూత్రం. డ్రైవర్ సిగ్నల్ దూరం నుంచే కాలు ఎత్తి నెమ్మదిగా వస్తే రీజెన్ పట్టుకుంటుంది, దగ్గరికొచ్చి ఠపీమని తొక్కితే గాలి బ్రేకు తినేస్తుంది. ఒకే రూటు, ఒకే బస్సు, ఇద్దరు డ్రైవర్ల మధ్య పది, పదిహేను శాతం తేడా మామూలే.

ఇక మధ్యాహ్నం చార్జింగ్. ఉదయం రద్దీ పదకొండుకి తగ్గుతుంది, సాయంత్రం నాలుగుకి మొదలవుతుంది. మధ్యలో ఒక్కో బస్సుకి ముప్పావు గంట చాలు. 180 కిలోవాట్ల చార్జర్ ముప్పావు గంటకి కాగితం మీద 135 యూనిట్లు ఇవ్వాలి. కానీ 80 శాతం దాటాక బ్యాటరీ తనే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి 110 వేసుకోండి. అది 85 కిలోమీటర్లు. ఉదయం 100, మధ్యాహ్నం సోలారుతో 85, చివరికి 20 శాతం మిగల్చాలి. అప్పుడు 300 యూనిట్ల బ్యాటరీ మోయక్కర్లేదు, 200 సరిపోతుంది. బరువు టన్ను దగ్గర తగ్గుతుంది.

కేఎంపీఎల్_కాకా
కాగితం మీద మస్తుంది. బస్సు పటాన్‌చెరు కాడ ఉంటది, చార్జర్ డిపోల ఉంటది. పోను ఎనిమిది, రాను ఎనిమిది, జనం లేకుంట తిరిగే పదహారు డెడ్ కిలోమీటర్లు. 21 యూనిట్లు గాలికి. పైగా ప్రైవేటోళ్లకు కిలోమీటర్ లెక్కన కట్టే గ్రాస్ కాస్ట్ ఒప్పందంల డెడ్ కిలోమీటర్ల కాడ రోజూ పంచాయితే. చార్జర్ టర్మినల్‌ల పెట్టాలె. పటాన్‌చెరు, ఉప్పల్, మెహిదీపట్నం. జాగ ఎవరిస్తరు?

ఉప్పల్_రింగ్
డిపోలో అన్నిటికీ ఒకేసారి పెడితే ట్రాన్స్‌ఫార్మర్ ఎగిరిపోదా?

ఓల్టేజ్_వాసు
ఎగిరిపోదు, బిల్లు ఎగురుతుంది. 60 బస్సులు, ఒక్కోదానికి రాత్రి 180 యూనిట్లు, మొత్తం 10,800. ఆరు గంటల్లో పరిస్తే 1,800 కిలోవాట్లు. అదే పదకొండింటికి రాగానే 180 కిలోవాట్ల 30 చార్జర్లకీ గన్ పెట్టేసి వెళ్లిపోతే 5,400. మన దగ్గర 1,500 కేవీఏ దాటితే 33 కేవీ లైను, 5,000 దాటితే 132 కేవీ మాట వస్తుంది. అంటే చార్జర్ల మధ్య లోడు పంచే సాఫ్ట్‌వేర్ లేకపోతే ఒక పెద్ద సబ్‌స్టేషన్ ఖర్చు నెత్తి మీద పడుతుంది. బస్సులు వచ్చి లైను రాక నిలబడే రోజులు ఇందుకే. బస్సుల ఆర్డరు కంటే ముందు కరెంటు దరఖాస్తు పెట్టాలి.

బండి_నాది
ఇంత గొడవెందుకు, డిపో పైకప్పు మీద సోలారు పెట్టేస్తే?

ఓల్టేజ్_వాసు
60 బస్సులు, రోజుకి 200 కిలోమీటర్లు, 1.3 యూనిట్ల చొప్పున 15,600 యూనిట్లు. కిలోవాటు సోలారు రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తుంది, పది చదరపు మీటర్ల చోటు తింటుంది. 3,900 కిలోవాట్లు, 39,000 చదరపు మీటర్లు. దాదాపు పదెకరాలు. అంత పెద్ద డిపో సిటీలో ఎక్కడుంది? ఉన్నంతలో పెట్టాలి, ఎందుకంటే నీడ వస్తుంది. ఎండలో నిలబెట్టిన బస్సుని సాయంత్రం ట్రిప్పుకి ముందు చల్లబరచటానికే ఏసీ గట్టిగా లాగుతుంది.

అమీర్‌పేట_ఆఖరి_బస్సు
సరే, లెక్కలు అందాయి. మరి ఆ 2,000 బస్సుల విషయంలో ఏది అడగాలి?

రాధిక_రూట్‌మ్యాప్
ఒకే ప్రశ్న. ఇవి అదనమా, బదులా? లక్ష మందికి 60 బస్సులు ఉండాలన్నది కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం. హైదరాబాద్‌లో కోటి దాటిన జనానికి సుమారు మూడు వేలు. సగమే. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లోపల డీజిల్ తీసి ఎలక్ట్రిక్ పెడతాం అంటే రెండు వేలొచ్చి రెండు వేలు పోతాయి, స్టాపులో నిలబడేవాడికి ఏమీ మారదు. నడవగలిగిన డీజిల్ బస్సుల్ని ఇంకో నాలుగేళ్లు ఉంచి, వీటిని పైన కలపండి అని అడగాలి.

ఓల్టేజ్_వాసు
దీనితో ఏకీభవించను. పాత బీఎస్-4 బస్సుల పొగ పీల్చేది స్టాపులో ఉన్నవాళ్లే. వాతావరణం లెక్క వేరు, ఊపిరితిత్తుల లెక్క వేరు. బీఎస్-6 బస్సులకి కూడా సిటీ ట్రాఫిక్‌లో పొగగొట్టం వేడెక్కక డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) మూసుకుపోతూ ఉంటుంది.

కేఎంపీఎల్_కాకా
డీపీఎఫ్ మూసుకుపోయిన బండి గ్యారేజీకొస్తది, సాఫ్ చేసి పంపుతం. లేని బస్సును ఎవ్వరూ బాగు చెయ్యలేరు. రాధిక మేడం చెప్పినదానికే నా ఓటు. ఇంకోటి, కొత్తయి నాన్ ఏసీ ఎక్కువుండాలె, లో ఫ్లోర్ ఉండాలె. నేల 400 మిల్లీమీటర్లుంటే ముసలోళ్లు సుత గబగబ ఎక్కుతరు, స్టాపు స్టాపుకు సెకన్లు కలిసొస్తయ్.

బెంజిసర్కిల్_బాబు
400 మిల్లీమీటర్ల బస్సు మన స్పీడ్ బ్రేకర్ల మీదా? కడుపు గీసుకుపోద్దండి.

సిరిపురం_జంక్షన్
ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రకారం బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు పది సెంటీమీటర్లు. అలా కడితే లో ఫ్లోర్ హాయిగా దాటుతుంది. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి అరమీటరు వెడల్పున పోసే సిమెంటు దిమ్మలే తగులుతాయి. రూటు ఖాయం చేసే ముందు ఒక మనిషి టేపు పట్టుకుని నడవాలి, అంతే పని.

బండి_నాది
డిపోలో బస్సుకి నీడ దొరికింది. స్టాపులో నిలబడ్డోళ్ల సంగతి ఏంటి?

సిరిపురం_జంక్షన్
స్టీలు బెంచీ, పైన రేకు, వెనక గాజు పలక మీద ప్రకటన. మేలో అది పొయ్యి. షెల్టరుకి పడమటి వైపు నీడ కావాలి, సాయంత్రం ఎండ అటు నుంచే ఏటవాలుగా కొడుతుంది. కానుగ గానీ వేప గానీ పడమటి వైపు నాటి, రోడ్డు మీదకొచ్చే కొమ్మల్ని నాలుగు మీటర్ల పైకి ఉంచి కత్తిరిస్తే బస్సుకి తగలవు. కరెంటు తీగల కింద మాత్రం నాటొద్దు, ఏటా వానలకి ముందు వచ్చి మొదలంటా నరికేస్తారు.